మట్టీ రాయీ

ఏలూరు రోడ్డు పాత పుస్తకాల కొట్లో
తూకానికి పోయే కట్టలోంచి లాగాను దాన్ని.
అట్ట లేదు, మొదటి నలభై పేజీలు లేవు,
స్కాట్లండు వాళ్ళ పాత న్యాయపదాల నిఘంటువు.
"దస్తావేజులు రాసుకునేవాడివి, నీకెందుకయ్యా ఇది?" అన్నాడు కొట్టతను.
ముప్ఫై రూపాయలు.

గుంటూరు పాసింజర్లో,
కృష్ణ మీద వంతెన దడదడలాడుతుంటే
నా వేలు ఒక మాట దగ్గర ఆగింది.
సేజిన్.
పట్టుకోవడమని దాని పుట్టుకట.
ఫ్రెంచి నోట్లోంచి జారి, చలిదేశంలో వణికి వణికి
ఇంత చిన్నదైపోయింది.
మన పట్టాలో పట్టు ఉందో లేదో నాకు తెలీదు,
ఉంటే బావుండుననిపించింది.

ఆ రోజుల్లో అక్కడ పొలం అమ్మితే కాగితం చాలదు.
అమ్మేవాడి తరఫూ కొనేవాడి తరఫూ చేలోకే నడవాలి.
సాక్షుల ఎదట గుప్పెడు మట్టీ, ఒక రాయీ
ఈ చేతిలోంచి ఆ చేతిలోకి.
చేపల రేవయితే వలా, పడవా.
పిండిమరయితే గింజలు పోసే తొట్టీ, దాన్ని కదిలించే చెక్కా.
చేతికి అందకపోతే అది నీది కానట్టే.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేను రాస్తున్నదేమిటి?
"సదరు భూమిని ఈ దినమే మీ స్వాధీనపరచినాను,
నిధి నిక్షేప జల తరు పాషాణ..."
పాషాణం దగ్గర నా పెన్ను ఎన్నడూ ఆగలేదు.
మేనమామ నేర్పిన వరస, ఎక్కాల్లా వచ్చేస్తుంది.
ఇప్పుడైతే టైపు చేసే మస్తాన్‌వలి ఒక్క మీట నొక్కితే
ఎనిమిది భోగాలూ ఒకేసారి రాలిపడతాయి.

మర్నాడు వాన.
పేరేచర్ల నుంచి జాలాది మార్తమ్మ వచ్చింది,
అరవై రెండు సెంట్లు.
కొనేది హైదరాబాదాయన.
చేను ఎలా ఉంటుందో ఫోన్లో చూశాడట,
ఆకాశం నుంచి.

మిషను మీద మార్తమ్మ బొటనవేలు పడలేదు.
కొంగుతో తుడిచి పెట్టింది. పడలేదు.
నలభై ఏళ్ళు మిరపకాయల తొడాలు తీసిన వేలు,
గీతలన్నీ కల్లంలోనే వదిలేసి వచ్చింది.
నాలుగో వేలికి ఒప్పుకుని పచ్చలైటు వెలిగింది.
"అంతేనా?" అంది.
అంతే.
"మరి చేను ఇచ్చిందెప్పుడయ్యా? నేనేం ఇయ్యలేదే?"

నాకు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.
టీ కొట్టు రేకుల కింద ఆమెకు చెప్పాను
గుప్పెడు మట్టి సంగతి, రాయి సంగతి.
గ్లాసు రెండు చేతులా పట్టుకుని విన్నది.
"మంచోళ్ళే" అంది. కాసేపాగి,
"మా నాన్న రాళ్ళన్నీ ఏరి గట్టున పోశాడు.
అందులో ఏ రాయి ఇయ్యాలంట?"

దానికి నా నిఘంటువులో జవాబు లేదు.

మనకూ ఒకటుండేది గదా, చేతిలో నీళ్ళు పోసి ఇవ్వడం.
ధారపోశానంటాం ఇప్పటికీ,
నీళ్ళొదులుకున్నానంటాం,
ఆ చెంబు ఎటు పోయిందో మాత్రం అడగం.
అక్కడా అంతేనట. చట్టమొకటి వచ్చి
చేలోకి నడిచే పని తప్పించింది.
ఆ మాట వెళ్ళి ఒక రిజిస్టరుకు పేరై కూచుంది.

మార్తమ్మ లేచి ఆఫీసు మెట్టు అంచున చెప్పులు గీకింది.
రేగడి, వానకు నాని, అట్టంత మందాన.
మధ్యలో చిన్న గులకరాయి కూడా ఉందనుకుంటా.
ఇప్పుడు ఉందనిపిస్తోంది, ఒట్టు వెయ్యలేను.
హైదరాబాదాయన గొడుగు విప్పుకుంటూ దిగాడు.
చూసుకోలేదు, దాన్నే తొక్కాడు.
ఛీ అని కాలు విదిలించి, గోడకు రాసి, కారెక్కాడు.
కొంత ఆయన బూటుకే ఉండిపోయింది.

ఏ దస్తావేజుకైనా ఇద్దరు సాక్షులుండాలి.
నేనొకణ్ణి.
టీ కొట్టు గంగాభవాని అప్పుడు గ్లాసులు కడుగుతోంది,
తలెత్తి చూసిందో లేదో
అడగాలి.